పాసుపుస్తకం లేని రైతుకు సాయం ఏది?

దుక్కి దున్నేది ఒకరు, సాయం అందేది మరొకరికి. కొన్నేళ్లుగా మన ఊళ్లలో నడుస్తున్న తీరు ఇదే.

2018 మేలో రైతుబంధు మొదలైంది. ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలు, ఆ తర్వాత 5,000. ఎన్ని ఎకరాలున్నా ఇచ్చారు. పట్నంలో ఉంటూ భూమిని కౌలుకిచ్చిన ఆసామికీ ఇచ్చారు. ఆ భూమిలో పత్తి పెట్టి అప్పులపాలైన కౌలు రైతుకు మాత్రం పైసా రాలేదు. కేంద్రం ఏడాదికి 6,000 ఇచ్చే పీఎం కిసాన్ కూడా భూమి పేరు మీదే నడుస్తోంది. 2023 ఎన్నికల్లో కౌలు రైతులకూ ఇస్తామని మాట ఇచ్చారు. 2025 జనవరి 26న మొదలుపెట్టిన రైతుభరోసా మళ్లీ పట్టాదారు ఖాతాలోకే పోయింది.

చావులోనూ ఇదే తేడా. రైతుబీమా కింద 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. ఇది మంచి పథకం, కాదనం. కానీ కౌలు రైతు పురుగుమందు తాగి చనిపోతే అతని భార్యకు ఆ బీమా లేదు. ఆమెకు మిగిలింది 2015 నాటి 194 జీవో. దాని ప్రకారం ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 5 లక్షలు, అప్పుల పరిష్కారానికి మరో లక్ష ఇవ్వాలి. ఇది కౌలు రైతులకూ వర్తిస్తుంది. అయితే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయాధికారితో కూడిన కమిటీ విచారణ చేయాలి. కౌలు ఒప్పందం నోటి మాట, అప్పు వడ్డీ వ్యాపారి దగ్గర తెల్లకాగితం మీద. ఇక రుజువు ఎక్కడ దొరుకుతుంది?

ఇలాంటి ఇళ్లకు దాతలు వస్తున్నారు. బియ్యం, పిల్లల ఫీజులు, కుట్టుమిషన్ ఇస్తున్నారు. వారికి దండం పెడతాం. కానీ దాత ఒక ఇంటికి వస్తే పది ఇళ్లు మిగిలిపోతాయి. వచ్చే ఏడు కౌలు, పెట్టుబడి ఎవరిస్తారు? దానం దాత ఇష్టం మీద నడుస్తుంది. సర్కారు సొమ్ము ప్రజల సొమ్ము. దాన్ని అడగడానికి చేయి చాచనక్కర్లేదు, గొంతెత్తితే చాలు.

పాత పహాణీలో అనుభవదారు కాలమ్ ఉండేది. ధరణితో అది పోయింది. 2011 నాటి సాగుదారుల చట్టం మాత్రం రద్దు కాలేదు. దాని ప్రకారం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలి. ఏటా గ్రామాల్లో దరఖాస్తులు తీసుకుని కార్డులిస్తే, సాయం ఎవరికి అందాలో సర్కారుకే జాబితా దొరుకుతుంది. ఆ పని చేయడం లేదు.

మన సంఘంలో పట్టాదారులున్నారు, కౌలుదారులున్నారు. రెండెకరాలుండి నాలుగెకరాలు కౌలుకు పట్టినవాళ్లు ఎందరో. కార్డు ఇస్తే భూమి పోతుందన్న భయం చాలామందికి ఉంది. ఆ కార్డు ఒక్క ఏడాది అప్పుకు, పంట నష్టానికి ఆధారమే తప్ప భూమి మీద ఏ హక్కూ ఇవ్వదని చట్టంలోనే రాసి ఉంది. ఈ మాట మన పట్టాదారు సభ్యులే తోటి రైతులకు చెప్పాలి.

వానాకాలం సాగుకు ముందే ప్రతి గ్రామ శాఖ కౌలు రైతుల జాబితా రాయాలి. సర్వే నంబరు, ఎకరాలు, పంట అందులో ఉండాలి. గ్రామసభలో చదివించి, కార్డుల దరఖాస్తులతో కలిపి తహసీల్దారుకు ఇచ్చి రశీదు తీసుకోవాలి. విత్తనాలు, ఎరువుల బిల్లులు కౌలు రైతు పేరు మీదే రాయించుకోవాలి. రేపు పంట పోయినా, మనిషే పోయినా ఆ కాగితాలే సాక్ష్యం.

సాగు చేసేవాడే రైతు. పెట్టుబడి సాయమైనా, బీమా అయినా ముందు అతని గడప తొక్కాలి. అది సాధించేదాకా మన సంఘం ఊరుకోదు.