కుఱ్ఱవాని మొదటి మడి

మన సంఘ సభ్యులలో కొందఱు, "మావాడు శ్రీపద్ధతిని వరి వేసెదనని పూనుకొని, తీరా నాటునాటికి జంకుచున్నాడు, ఏమి చెప్పవలెను?" అని మమ్మడుగుచున్నారు. "భయపడకు" అనుటవలన ప్రయోజనము లేదని మా యభిప్రాయము. ఆ జంకు నిష్కారణమైనది కాదు. ఎకరమునకు 2 కిలోల విత్తనమే చల్లి, 8 మొదలు 12 దినముల లేతనారును గింజ యూడకుండ మట్టితో నెత్తి, 25 సెంటీమీటర్ల యెడమున కుదురున కొక్క మొక్కగా నాటవలెను గదా! జంకెఱుగని చేతిలో నట్టి మొక్క నలుగును.

పిమ్మట కొన్ని వారములు చేను బోసిగా నుండును. దారిని బోవువారు నవ్వుదురు. కుఱ్ఱవాని గుండె జాఱునది మడిలో గాదు, ఆ గట్టుమీదనే. తండ్రి యపుడు వానిప్రక్క నిలువవలెను. ఇంట గూర్చుండి హితవు చెప్పిన జాలదు.

1983లో మడగాస్కరు దీవిలో హెన్రీ ద లొలానియే అను ఫాదిరిగారు రూపమిచ్చిన యీ పద్ధతి 2003 ఖరీఫున మన యాంధ్రదేశమున బ్రవేశించినది. శాస్త్రజ్ఞులలో సైతము దీనిని సందేహించినవారు గలరు. ఇఁక పిల్లవాడు సందేహించిన గోపమేల?

మొదటియేట 10 సెంట్లే యిచ్చి, "ఇది పోయినను మన గాదె వట్టిపోదు" అని ముందే చెప్పుడు. కష్టమును దాచకుడు. నీరు నిలువగట్టనందున గలుపు మెండుగ మొలచును. 10 దినముల కొకతూరి కోనోవీడరు త్రోయవలెను. ఆ పనికి వాని నొక్కనినే విడువరాదు.

కుమార్తె యడిగిన నవ్వి యూరకుండువారు గలరు. మన యూళ్లలో నాట్లు వేయువారు స్త్రీలే గదా! ఆమెకును ఆ 10 సెంట్లిచ్చి చూడుడు.