పగడం లేని తొట్టెలో కాపురం

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది పగడాలు ఎక్కడ దొరుకుతాయని. ఎక్కడ దొరికినా వద్దంటాను. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, పులి సరసన చేర్చారు. మన సముద్రంలో చచ్చిపడి ఉన్న పగడం ముక్క ఏరుకొచ్చినా నేరమే. మరి తొట్టె బోసిపోదా అంటారు. పోదు. గోబీ చేపనూ పిస్టల్ రొయ్యనూ జంటగా పెంచి చూడండి.

ఈ జంటకు కావలసింది పగడం కాదు, ఇసుక. సముద్రంలోనూ వీటి మకాం దిబ్బల పక్కనున్న ఇసుక నేలల్లోనే. రొయ్యకు చూపు అంతంతమాత్రం. బొరియ తవ్వుతూ, ఇసుకను బుల్‌డోజర్‌లా బయటికి తోస్తూనే ఉంటుంది. బయటికొస్తే మాత్రం ఒక మీసాన్ని చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. గుమ్మంలో కాపలా ఉన్న గోబీ తోక చిన్నగా అల్లాడించిందా, రొయ్య చటుక్కున లోపలికి పోతుంది. అప్పుడప్పుడూ గాజు చిట్లిందేమోననిపించే 'టప్'మన్న చప్పుడు దాని పెద్ద గోరుదే. గోరు మూసుకునే వేగానికి నీళ్లలో పుట్టిన బుడగ పగిలే మోత అది. "వేపుడు చేసుకోవాల్సిన రొయ్యకు మేత వేస్తున్నారేంటండీ?" అని మా ఆవిడ దెప్పుతూనే, వంటింట్లోంచి వస్తూ పోతూ తొట్టె ముందు ఆగుతుంది.

75 లీటర్ల తొట్టె చాలు. కృత్రిమ రాళ్లను ముందు అడుగు గాజు మీద కదలకుండా నిలబెట్టి, ఆ తర్వాతే రెండు మూడంగుళాల ఇసుక పొయ్యాలి. ఇసుక మీద రాళ్లు పేరిస్తే, రొయ్య కింద తవ్వేసరికి అవి దాని మీదే కూలతాయి. ఇసుకలో గవ్వపెంకులు కలిపితే బొరియ నిలుస్తుంది. పైన సన్నటి వల మూత తప్పనిసరి. బెదిరిన గోబీ ఎగిరి నేల మీద పడుతుంది.

అయితే ఈ చేపలు కూడా చాలావరకు సముద్రంలో పట్టినవే. అందుకే ఒక్క జంటతో ఆగమంటాను. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించి చూపించింది. గోబీలకూ ఆ పని జరగాలి, అడిగేవాళ్లుంటేనే జరుగుతుంది. కొనేటప్పుడు రంగు, ధర తర్వాత, ముందు ఎక్కడ పట్టారో, ఎలా పట్టారో అడగండి. జవాబు చెప్పలేని దుకాణంలో కొనకండి.