మూషికములు తెలిపిన అదను

అదను తప్పిన విత్తనము మొలవదని రాజంపేట మెట్టరైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. ఈ సత్యమునే ప్రయోగశాలలోని చిట్టెలుకలు వైద్యశాస్త్రమునకు నేర్పినవి. మన పాలకులు ఆ పాఠమును ఇంకను చెవిని బెట్టకుండుటకు మేము మిక్కిలి చింతించుచున్నాము.

ఎస్ఎంఎన్1 అను జన్యువు లోపించిన శిశువునకు వెన్నుపాములో కండరములను నడపు నాడీకణములు క్షీణించును. ఈ వ్యాధిని స్పైనల్ మస్కులర్ అట్రోఫీ యందురు. తీవ్రరూపమున సోకిన శిశువులు చికిత్స లేనిచో పెక్కుమంది రెండేండ్లు నిండకమునుపే ఊపిరాడక గతింతురు.

లోపించిన జన్యువును నాడులకు చేర్చుట యెట్లు? నెత్తుటిలోని పదార్థములను మెదడులోనికి, వెన్నుపాములోనికి సులభముగా చొరనీయని అడ్డుగోడ దేహమునందు గలదు. మనుష్యునకు వ్యాధి కలిగింపని ఏఏవీ9 అను వైరస్సు ఆ గోడను దాటి, పసి యెలుకల నాడీకణములకు జన్యువును మోసికొనిపోవునని 2009లో అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. చికిత్స లేనిచో 15 దినములకే చచ్చు వ్యాధిగ్రస్త మూషికములు ఈ మందుచే 250 దినములకు మించి జీవించెనని 2010లో తేలినది. కాని పుట్టిన తొలి దినముననే యిచ్చిన ఫలించిన యీ మందు, పదియవ దినమున నిచ్చిన దాదాపు నిష్ఫలమయ్యెను.

2019లో అమెరికా యీ మందును జోల్‌జెన్‌స్మా అను పేర రెండేండ్లలోపు శిశువులకు అనుమతించెను. 2021లో హైదరాబాదున ఒక పసివానికి వేలాది జనులు చందాలిచ్చి దీనిని తెప్పించిరి. అప్పటి వెల సుమారు 16 కోట్ల రూపాయలు! అరుదైన వ్యాధులకై కేంద్రప్రభుత్వ మొసగు సహాయమో, 50 లక్షలకు మించదు. దాతలకు మా నమస్సులు. అయినను చందాలు ప్రోగగువరకు నాడీకణములు ఆగియుండునా? చచ్చిన కణమును ఏ జన్యువును లేపజాలదు.

కావున రెండు కార్యములు తక్షణము జరుగవలెను. రాజంపేట ఆసుపత్రి మొదలు ప్రతి ప్రసూతిశాలయందును శిశువు మడమనుండి తీసిన నెత్తుటిచుక్కతో ఈ వ్యాధిని పరీక్షింపవలెను. మందును మన దేశముననే సిద్ధపరుపవలెను. ఇది గగనకుసుమము కాదు. రోగి కణములలో జన్యువును చేర్చి రక్తపు క్యాన్సరును మాన్పు నెక్స్‌కార్19 చికిత్స బొంబాయి ఐఐటీలో పుట్టి, 2023లో అనుమతి పొంది, విదేశపు వెలలో సుమారు పదవవంతునకే లభించుచున్నది. మన సీమవారు ఆపదవేళ పరుగెత్తు వేలూరు సీఎంసీ వైద్యశాలయందే ఐదుగురు హిమోఫీలియా రోగులకు జన్యుచికిత్స ఫలించినట్లు 2024లో ప్రకటితమైనది. శక్తి గలదు, సంకల్పమే కావలెను.

మూగజీవులు ప్రాణములొడ్డి అదనెప్పుడో తెలిపినవి. నోరుగల మనము ఆ మాటను పాలకులకు వినిపింపకున్నచో వాని బలి వ్యర్థము కాదా?