ముందు చెవికి కుదరాలి!

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి తను దాచుకున్న డబ్బుల్లోంచి ఏడొందలు పెట్టి వాళ్ల తాతయ్యకు ఇయర్‌ఫోన్లు కొంది. చెవి లోపలికి దూర్చుకునే రకం. హాల్లో ఎప్పుడూ టీవీ మోగుతుంటుంది కాబట్టి మా నాన్నగారు ఫోన్‌లో ఘంటసాల పాటలు ప్రశాంతంగా వినలేకపోతున్నారని దాని బాధ. ఆయన మురిసిపోయారు. రెండ్రోజులు పెట్టుకుని తిరిగారు. మూడోరోజుకి అవి సొరుగులోకి చేరాయి.

'నచ్చలేదా తాతయ్యా?' అని అడిగితే, 'బాగానే ఉన్నాయి అమ్మలూ... కానీ పాట పీలగా వినిపిస్తోంది. పైగా మాటలు నమిలేస్తున్నారు' అన్నారు. అవే ఇయర్‌ఫోన్లు మా అమ్మాయి పెట్టుకుంటే బ్రహ్మాండంగా ఉన్నాయట! 'చవకవి కదా నాన్నా, అందుకే. ఈసారి అయిదు వేలవి కొందాం' అని తీర్మానించేసింది. నేనూ దాదాపు ఒప్పేసుకున్నాను.

చివరికి ఆ అయిదు వేలూ ఇయర్‌ఫోన్లకు ఖర్చు కాలేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటి బయటపడింది. అదేమిటో చెప్పేముందు, అసలు ఇలాంటివి కొనేటప్పుడు ఏం చూడాలో చూద్దాం.

డబ్బా మీది అంకెలు

ఇయర్‌ఫోన్ల డబ్బా ఏది తీసుకున్నా '20 - 20,000 హెర్ట్జ్' అని ఉంటుంది. మనిషి చెవి వినగలిగే హద్దులవి. ఆ హద్దుల మధ్య ఏ ధ్వనిని ఎంత ఎక్కువగా, ఎంత తక్కువగా పలికిస్తుందన్నదే అసలు ప్రశ్న. దానికి ఆ అంకెల్లో జవాబు లేదు. లోపల రెండు డ్రైవర్లున్నాయి, నాలుగున్నాయి అన్నదీ అంతే. ఒక్క డ్రైవరుతోనే చక్కగా పాడేవి ఉన్నాయి, నాలుగున్నా గోల చేసేవీ ఉన్నాయి.

మరి ధర? 2017లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 283 హెడ్‌ఫోన్లను కొలిచి చూస్తే, వాటి ధరకూ అవి స్వరాలను పలికించే తీరుకూ పొంతన కనిపించలేదట. 2022లో మూన్‌డ్రాప్ చూ, సెవెన్‌హెర్ట్జ్ జీరో అనే చైనా ఇయర్‌ఫోన్లు 20 డాలర్ల ధరకే వచ్చి, ఎన్నో రెట్లు ఖరీదైన వాటి పక్కన నిలబడ్డాయి. కాబట్టి మామూలుగా పాటలు వినేవాళ్లు వెయ్యి, రెండు వేల లోపు వెతుక్కున్నందుకు చిన్నబోనక్కర్లేదు.

కొనేముందు చూడాల్సినవి నాలుగే. మీ ఫోన్‌కి గుండ్రటి పిన్ను దూరే రంధ్రం ఉందా, లేక టైప్-సి తీగ కావాలా? ఫోన్ మాట్లాడటానికి మైకు ఉందా? డబ్బాలో కనీసం మూడు సైజుల రబ్బరు బుడిపెలు ఇస్తున్నారా? తీగ ఊడదీసి మార్చుకునే వీలుందా? చవక ఇయర్‌ఫోన్లు ఎక్కువగా పోయేది పిన్ను దగ్గర తీగ తెగే కాబట్టి ఈ చివరిది బాగా కలిసొస్తుంది. బ్లూటూత్‌వి హాయిగానే ఉంటాయిగానీ మీరిచ్చే డబ్బులో కొంత బ్యాటరీకీ చిప్పుకూ పోతుంది. ఆ బ్యాటరీ కూడా కొన్నేళ్లకు నీరసిస్తుంది.

ఎవరూ విప్పని పొట్లం

ఇక మా నాన్నగారి సంగతి. ఆయన పెట్టుకుంటుంటే పక్కన కూర్చుని చూశాను. కుడిచెవిది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తల కాస్త వంచితే జారి పడింది.

చెవి లోపల పెట్టుకునే రకానికి ప్రాణమంతా ఆ బిగువులోనే ఉంది. రబ్బరు బుడిపె చెవి రంధ్రాన్ని సందు లేకుండా మూయాలి. కాస్త సందున్నా మంద్రధ్వని, అదే బేస్, ముందుగా జారిపోతుంది. మిగిలేది పీల గొంతే. అది చాలక మనం వాల్యూం పెంచుకుంటూ పోతాం. డబ్బాలో చిన్న పొట్లంలో వేరే సైజులు ఇస్తారు. చాలా ఇళ్లలో ఆ పొట్లం విప్పరు. మా ఇంట్లోనూ విప్పలేదు.

పరీక్ష చాలా తేలిక. పాట వస్తుండగా రెండు ఇయర్‌ఫోన్లనూ వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. ఒక్కసారిగా బేస్ పెరిగిందంటే సైజు సరిపోలేదన్నమాట. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి పైభాగాన్ని కొంచెం పైకీ వెనక్కీ లాగితే దారి సాఫీగా అవుతుంది. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలని లేదు. నాన్నగారికి కుడిచెవికి పెద్దది, ఎడమచెవికి మధ్యరకం కుదిరాయి. రబ్బరు ఏదీ కుదరకపోతే స్పాంజివి విడిగా దొరుకుతాయి. వాటిని వేళ్లతో నలిపి సన్నగా చేసి చెవిలో పెట్టి, ఉబ్బేదాకా అలాగే పట్టుకుంటే సరి.

'ఆఁ... ఇప్పుడు గొంతు వచ్చిందిరా!' అన్నారు నాన్నగారు. కానీ రెండో పాటకే మళ్లీ పేచీ. 'గుమ్‌గుమ్మని మోతెక్కువైంది. మాటలు అడుగున పడిపోతున్నాయి.'

మీటలు ఎవరు జరపాలి?

అప్పుడు ఈక్వలైజర్ దగ్గరకొచ్చాం. పాత టూ-ఇన్-వన్ల మీద వరసగా నిలువు మీటలుండేవి గుర్తుందా? రెండు చివరలూ పైకి, మధ్యవి కిందికి జరిపి ఇంగ్లిషు 'వి' అక్షరంలా పెట్టడం అప్పట్లో ఫ్యాషన్. మంగలిషాపులో చూసినా, ఆటోలో చూసినా అదే. వినగానే హుషారుగా ఉంటుంది నిజమే. కానీ పాడేవాళ్ల గొంతు ఉండేది మధ్య మీటల దగ్గరే. మనం వెనక్కి నెట్టేది వాళ్లనే!

ఇప్పుడవి ఫోన్‌లోకి వచ్చేశాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అయిదు మీటలుంటాయి: 60, 230, 910, 3,600, 14,000 హెర్ట్జ్. మొదటిది డోలు దరువు, డ్రమ్ముల అదురు. రెండోది మగగొంతు నిండుదనం. మూడోది గొంతు నడిమి భాగం. నాలుగోది మాట స్పష్టత. అయిదోది తాళాలూ మువ్వల తళుకు. కొన్ని ఫోన్లలో మీటలకు బదులు పేర్లు మాత్రమే ఉంటాయి.

అసలు వీటిని ముట్టుకోవాలా? సున్నా దగ్గర ఉంచి విన్నప్పుడు మీకు పాట బాగుంటే అక్కర్లేదు. కొత్తవి కొన్న రోజే మొదలుపెట్టకండి. బాగా తెలిసిన మూడు పాటలు ఎంచుకుని నాలుగు రోజులు వినండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది, ఒకటి వాద్యం. అప్పటికీ ఫలానా చోట బాగాలేదు అనిపిస్తే ఆ ఒక్క మీటనే రెండు మూడు డెసిబెల్స్ జరపండి. అది కూడా లోటున్న దాన్ని పెంచడం కన్నా ఎక్కువైన దాన్ని తగ్గించడం మేలు. 3 డెసిబెల్స్ పెంచితే అక్కడ శక్తి రెట్టింపవుతుంది, 10 పెంచితే పదింతలవుతుంది. చిన్న డ్రైవరు అంత మొయ్యలేక గరగరలాడుతుంది. పైగా కాస్త గట్టిగా వినిపించేదేదైనా మనకు బాగున్నట్టే తోస్తుంది. అందుకే ఈక్వలైజర్ వేసీ తీసీ పోల్చేటప్పుడు రెండింటి మోతా సమానంగా ఉండేలా చూసుకోవాలి.

పాటను బట్టి కూడా లెక్క మారుతుంది. 1957 నాటి 'మాయాబజార్' పాటల్లో గొంతుదే పెద్దపీట. ఇప్పటి పాటల్లో బేస్ దండిగా పోసి ఉంటుంది. ఒకదానికి కుదిర్చిన మీటలు రెండోదానికి కుదరవు. వాల్యూమ్‌ని బట్టి కూడా మారుతుంది. చిన్నగా విన్నప్పుడు చెవికి మంద్రధ్వనులు మరీ తక్కువగా వినిపిస్తాయని 1933లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. పాత సెట్ల మీద 'లౌడ్‌నెస్' అనే బొత్తాం పెట్టింది ఆ లోటు తీర్చడానికే. కాబట్టి రాత్రిపూట చిన్నగా వినేవాళ్లు బేస్ కాస్త పెంచుకుంటే తప్పులేదు.

మేం నాన్నగారి ఫోన్‌లో మొదటి రెండు మీటలు కొంచెం కిందికి దించాం. పైన పడ్డ మోత తొలగి గొంతు తేలింది. అంతా సంతోషించాం.

అసలు సంగతి

వారం తర్వాత మా అమ్మాయి తాతయ్య ఫోన్‌లో ఏదో పాట పెట్టుకుని, 'అబ్బా!' అంటూ ఇయర్‌ఫోన్లు పీకేసింది. 'చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది తాతయ్యా, ఎలా వింటున్నావు?' చూస్తే చివరి రెండు మీటలూ పైకంటా ఉన్నాయి. వాల్యూమ్ కూడా నిండుగా ఉంది. నాన్నగారే రోజూ కాస్త కాస్త జరుపుకుంటూ వెళ్లారు. 'ఇప్పుడే కాస్త మాట తెలుస్తోంది' అన్నారు అమాయకంగా.

నాకప్పుడు తట్టింది. టీవీలో వార్తలు చదివేవాళ్లూ 'నమిలేస్తున్నారు'. ఫోన్‌లో మా చెల్లీ 'నమిలేస్తోంది'. అందరూ ఒక్కసారిగా నమలడం మొదలుపెట్టరు కదా!

చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. ఎడమచెవిలో గుబిలి గట్టిపడి ఉంటే తీశారు. తర్వాత వినికిడి పరీక్ష చేసి గీత చూపించారు. మంద్రధ్వనుల దగ్గర తిన్నగా ఉన్న గీత, తారస్థాయి ధ్వనుల దగ్గరకొచ్చేసరికి మెట్లు దిగింది. రెండు చెవులకూ అంతే. వయసుతో చాలామందికి ఇలాగే పైధ్వనులు ముందుగా తగ్గుతాయట. మాటలో గట్టిగా వినిపించే అచ్చులు చాలావరకు కిందిస్థాయిలో ఉంటాయి. స, శ, త, క లాంటి హల్లుల గుర్తులు పైస్థాయిలో ఉంటాయి. అందుకే 'వినపడుతోంది కానీ అర్థం కావడం లేదు' అంటారు పెద్దవాళ్లు. మనమేమో విసుక్కుంటాం. నేనూ ఎన్నోసార్లు విసుక్కున్నాను.

ఆ లోటును ఫోన్ మీటలతో పూడ్చబోతే ఉన్న వినికిడికే ముప్పు. వినికిడి యంత్రం కూడా ఒకరకంగా ఈక్వలైజరే. కాకపోతే దాన్ని మన చెవి పరీక్షను బట్టి అమరుస్తారు. పెద్ద శబ్దాలను హద్దులో ఉంచే ఏర్పాటూ అందులో ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ మోతను వారానికి 40 గంటలు వినొచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే 4 గంటలే. పిల్లలకు ఇంకా తక్కువ. ఫోన్ వాల్యూమ్‌ని 60 శాతం దాటనివ్వకపోవడం మంచి అలవాటు. బుడిపె బిగువుగా కుదిరితే ఆర్టీసీ బస్సులో కూడా అంతకు మించి అవసరం పడదు. ఎందుకంటే బయటి రొద లోపలికి అంతగా రాదు. రోడ్డు మీద నడిచేటప్పుడు మాత్రం తీసి జేబులో పెట్టుకోండి.

మీ ఇంట్లో ఎవరైనా వాల్యూమ్ గానీ చివరి మీటలు గానీ రోజురోజుకీ పెంచుకుంటూ పోతుంటే ఇయర్‌ఫోన్లు మార్చకండి. ముందు జాలీలో గుబిలి పేరుకుందేమో చూసి పొడి బ్రష్షుతో తుడవండి. అప్పటికీ మారకపోతే చెవులు చూపించండి. పెద్దవాళ్లే కాదు, పిల్లలైనా సరే.

'చెవిటి మిషనా? నాకెందుకురా!' అని నాన్నగారు నెలరోజులు మొండికేశారు. చివరికి ఒప్పించింది మనవరాలే. 'కళ్లజోడు పెట్టుకున్నప్పుడు నిన్నెవరైనా గుడ్డివాడన్నారా తాతయ్యా?' అని అడిగింది. అయిదు వేల ఇయర్‌ఫోన్ల కోసం అనుకున్న డబ్బుకు ఇంకొంత కలిపి యంత్రం కొన్నాం. పెట్టుకున్న మొదటిరోజు ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, 'ఈ కుక్కర్ ఇంత కూస్తుందా?' అన్నారు. మా చెల్లితో ఫోన్ మాట్లాడి పెట్టేశాక, 'అది నమలడం లేదురా' అని నావైపు చూశారు.

ఏడొందల ఇయర్‌ఫోన్లు మళ్లీ మా అమ్మాయి దగ్గరకు చేరాయి. మీటలన్నీ సున్నా దగ్గరున్నాయి. వాల్యూమ్ ఎంత పెట్టిందో వాళ్ల తాతయ్య అప్పుడప్పుడూ వెళ్లి చూసొస్తుంటారు.