ఏడాది నిండిన డైరీ

క్రోధి ఉగాది నాడు, అనగా 2024 ఏప్రిల్ 9న, నేను తెలుగులో డైరీ రాయడం మొదలుపెట్టాను. విశ్వావసు ఉగాది 2025 మార్చి 30న వచ్చింది. నడుమ 355 రోజులు. బ్యాంకు ఉద్యోగిని కదా, లెక్కపెట్టకుండా ఉండలేను. రాసిన పేజీలు 288, ఖాళీవి 67. ఖాళీలు చాలావరకు పుష్యమాసం తర్వాతవే. మార్చిలో ముగింపు లెక్కల గొడవ ఎలా ఉంటుందో బ్యాంకు వారి ఇళ్ళలో చెప్పనక్కరలేదు.

డైరీలో మనోభావాలు రాసుకోవాలంటారు. నాకా విద్య రాదు. చిట్టా రాసినట్టే రాశాను. వాన పడిందా, కొత్తిమీర కట్ట ఎంత, ఇంటికెవరొచ్చారు, అమ్మ ఏమన్నది. చిట్టాకి ఒకటే నియమం, ఏ రోజు పద్దు ఆ రోజే పడాలి. మర్నాడు జ్ఞాపకం మీద రాసిన పద్దుని ఏ ఆడిటరూ నమ్మడు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మనలాగే ఇవతల స్థిరపడ్డ తెలుగువాడు, మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. దారి పొడుగునా రాస్తూనే ఉన్నారు. ఏ మజిలీలో సామాను దొరుకుతుంది, బాట ఎలా ఉంది, ఎక్కడ ఏ నాణెం చెల్లుతుంది, అన్నీ. ఆ రాతల్ని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారు భద్రపరచి, ఆయన గతించాక 1838లో అచ్చు వేయించారు. అదే ‘కాశీయాత్ర చరిత్ర’. తిరుగు ప్రయాణం గంజాం మీదుగానే సాగింది గనుక ఒరిస్సాలోని మనవాళ్ళు తప్పక చూడాలి. ఆయన తన ఆలోచనలూ రాశారు, కాదనను. నేను మాత్రం బియ్యం, బాటల పేజీలకే మళ్ళీ మళ్ళీ వెళ్తుంటాను.

మా వాడికి ఇదంతా నచ్చలేదు. “ఇంగ్లీషులో రాయొచ్చు కదా నాన్నా, మేమూ చదువుతాం” అన్నాడు. న్యాయమైన మాటే. హోసూరులో పుట్టిన మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ బడిలో తమిళం, ఇంగ్లీషు చదివారు. అక్షరాలు రావు.

కానీ డిసెంబరు పేజీ ఒకటి చూడండి. చలికాలం, అనపకాయల రోజులు. అమ్మ వాకిట్లో కూర్చుని పితుకుపప్పుకి గింజలు ఒలుస్తూ, “మంచు పడల్యా, ఈతూరి కాయలో సొగడు ల్యా” అన్నది. సొగడంటే అనపకాయ జిడ్డులోంచి వచ్చే ఆ వాసన. పక్కనున్న కన్నడం నుంచి మా ఇళ్ళలోకి వచ్చిన మాట. దీన్ని ఇంగ్లీషులో ఏమని రాయను? “స్మెల్” అని రాస్తే అమ్మ గొంతు అందులో ఉంటుందా? అదే వాక్యాన్ని పుస్తకాల తెలుగులోకి దిద్దినా పోయినట్టే. అన్నది అన్నట్టుగా రాసుకున్నాను. ఆ నెలలోనే ఇలాంటివి పదకొండున్నాయి.

అమ్మ పుష్యమాసంలో పోయింది.

కర్మలు అయ్యాక బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, “అవ్వ మాటలు నేనే చదువుకుంటాను, నువ్వు చదివి వినిపించొద్దు” అని పట్టుబట్టింది. పెద్దబాలశిక్ష కొనిచ్చాను. ఒత్తులు ఇంకా తడబడుతోంది. ఆదివారం వచ్చినప్పుడల్లా రెండు మూడు పేజీలు కూడబలుక్కుంటుంది. నా దస్తూరీ మీద విసుక్కుంటుంది కూడా, కష్టమర్లకంటే ఎక్కువగా. క్రోధి ఉగాది దగ్గర మొదలుపెట్టి ఇప్పటికి శ్రావణం దాకా వచ్చింది. అందులో అవ్వ ఇంకా వరలక్ష్మీ పూజకి పూలు బేరం చేస్తోంది.