పరసేనా నిష్క్రమణము

దీర్ఘయుద్ధానంతరము పరదేశపు సేనలు ఒక దేశమును విడిచిపోవునప్పుడు లోకమంతయు సంతసించును. సంతసింపవలసినదే. కాని ఆ పోయినవారి స్థానమున నెవరు కూర్చుండిరో విచారింపక సంతసించుట అవివేకమని మా యభిప్రాయము. 1989 ఫిబ్రవరి 15వ తేదీన సోవియట్టు సేనలు ఆఫ్గనిస్తానమును వీడెను. పిమ్మట ఆ ప్రజలకు లభించినది అంతర్యుద్ధము. 2021 ఆగష్టు 30వ తేదీన అమెరికా సేనలు వీడెను. తాలిబానులు గద్దె నెక్కి బాలికలకు ఉన్నతపాఠశాలల ద్వారములు మూసివైచిరి.

ఇది దూరదేశపు కథ యని మన ఏలూరు ప్రాంతమువారు ఉపేక్షింపరాదు. ఈ పాఠమును మన నేల ఎన్నడో నేర్చినది.

1753లో నిజాము సలాబతుజంగు ఫ్రెంచి సేనాని బుస్సీ పటాలముల జీతములకై ఉత్తర సర్కారుల నిచ్చివేసెను. ఏలూరు సర్కారు వానిలో నొకటి. గుండుగొలను పొలములలో, కొల్లేటి గట్టులలో రైతు చెల్లించిన శిస్తు పరదేశపు సిపాయికి జీతమాయెను. ఫ్రెంచివారిపై విసిగిన విజయనగర ప్రభువు ఆనందగజపతి కలకత్తాకు రాయబారమంపి ఆంగ్లేయులను పిలిచెను. క్లైవు పంపిన కర్నలు ఫోర్డు 1758 డిసెంబరులో చందుర్తికడ ఫ్రెంచివారి నోడించి, రాజమహేంద్రవరము మీదుగా ఏలూరు చేరి, మరుసటి ఏప్రిలులో మచిలీపట్టణపు కోటను పట్టుకొనెను. 1759 మే 14వ తేదీ సంధిలో, ఫ్రెంచిసేనను 15 దినములలో వెడలగొట్టుదునని నిజాము ఒప్పుకొనెను.

ఫ్రెంచివారు పోయిరి. మనకేమి మిగిలెను? ఆ సంధిపత్రముననే మచిలీపట్టణ ప్రాంతము ఆంగ్లేయులకు ఇనామాయెను. 1766 సంధిచే సర్కారులు కుంఫిణీవారి పాలైనవి. ఇచ్చినవాడు నిజాము, పుచ్చుకొన్నవాడు పరదేశీయుడు. దున్నువాని నడిగినవాడు లేడు. పిలిచినవారికైనను మేలు కలిగెనా? 1794లో పద్మనాభము యుద్ధమున విజయనగరపు రాజు చినవిజయరామరాజు ఆ కుంఫిణీ సేనల చేతనే కూలెను.

కడపటి ఆంగ్లేయ పటాలము బొంబాయిలో ఓడనెక్కినది 1948 ఫిబ్రవరి 28వ తేదీన. చందుర్తి మొదలు అంతవఱకు సుమారు 190 సంవత్సరములు. నాడు ఖాళీయైన స్థానమున మఱియొక పరసేన వచ్చి నిలువలేదు. ఢిల్లీలో మన ప్రతినిధులు కూర్చుండి రాజ్యాంగమును వ్రాసికొనుచుండిరి. 1759కిని 1948కిని గల తారతమ్య మంతయు ఇదియే.

సేన పోవుట సగము కార్యము. ప్రజల సమ్మతిపై నిలిచిన ప్రభుత్వ మేర్పడుట మిగిలిన సగము. ఫలానా దేశమునుండి పరసేనలు మఱలిపోయినవని ఇకముందు పత్రికలలో చదువునపుడు మన పాఠకులు రెండు ప్రశ్నలు వేసికొందురు గాక: ఆ గద్దెపై నిప్పుడెవ్వరు? దానికి శిస్తు చెల్లించువాని నడిగినవారెవ్వరు?