సీతారామారావు చేసిన పాపమేమిటి?

సంపాదకులకు,

గత సంచికలో గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’ మీద వచ్చిన వ్యాసంలో కథానాయకుడు సీతారామారావు పతనం అతను చేసిన పాపానికి పడ్డ శిక్ష అని తేల్చేశారు. ఏం పాపం చేశాడండీ? దొస్తోయెవ్‌స్కీ నవలలో రస్కోల్నికోవ్ గొడ్డలితో ఇద్దరిని చంపాడు. ఆ నెత్తురు అతన్ని నిద్రపోనివ్వలేదు. సీతారామారావు చేతికి నెత్తురేదీ అంటలేదే! పోతూ పోతూ తండ్రి వంశప్రతిష్ఠ నిలబెట్టమన్నాడు. ఆ మాట పట్టుకుని ఆస్తి కరగబెట్టాడు. ఆ తర్వాత తననూ క్షమించుకోలేకపోయాడు, లోకాన్నీ క్షమించలేకపోయాడు.

మా గుడివాడ చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటివాళ్ళను చూస్తూనే పెరిగాను. ఎకరం అమ్మి కూతురి పెళ్ళిలో నాలుగు రకాల మిఠాయిలు వడ్డించి, ఆ తర్వాత ఆ పొలం గట్టున నడవలేక కాలవ అవతలగా చుట్టు తిరిగి వెళ్ళే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన్ని తినేసింది పాపభీతి కాదు, పరువు.

పాపం మోసినవాడే కావాలంటే బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి ఉన్నాడు. అదీ అతనిది కాదు, తల్లి మీద లోకం వేసిన నింద.

ఇంకొక మాట. గోపీచంద్ 1910లో మా అంగలూరులో పుట్టారు. తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి ‘సూతపురాణం’ రాసి పురాణాలను ఉతికి ఆరేసిన మనిషి. ‘ఎందుకు’ అని అడగడం నేర్పిన ఆ తండ్రికే ఈ నవల అంకితం. వ్యాసకర్త ఆ పేజీ చూడకుండా తిప్పేసినట్టున్నారు. ఒకసారి వెనక్కి వెళ్ళి చదవమనండి.

— ఒక విశ్రాంత తెలుగు పండితుడు, గుడివాడ